మల వ్యర్థాల నిర్వహణ ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టండి

మీరు విజయనగరంలో వార్డు శానిటేషన్ సెక్రటరీగా చేస్తున్నారు, ఇంజనీరింగు చదువు కాదు. సెప్టిక్ ట్యాంకుల్లోంచి తీసే మల వ్యర్థాల సంగతి నేర్చుకుందామని రెండు ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టి, ట్రీట్‌మెంట్ ప్లాంటు పాఠాల్లో లెక్కలు అర్థంకాక వదిలేశారు. ఏది చదవాలి, ఏ వరసలో చదవాలి, మన ఊళ్లకు ఏది పనికొస్తుంది అని అడిగారు. కాస్త పొడుగ్గానే చెప్పాల్సి వస్తుంది.

ముందు వరస సంగతి. చాలామంది ఈ చదువును చివరి నుంచి మొదలుపెడతారు. ప్లాంటు బొమ్మలూ వీడియోలూ చూడ్డానికి బాగుంటాయి మరి. కానీ పని చెడేది ఎక్కువగా ప్లాంటు గేటు బయటే: ఇంటి ట్యాంకు కట్టిన తీరులో, బండి తోడే తీరులో, నిండిన బండి ఎటు మళ్లిందన్న దాంట్లో. అందుకని ట్యాంకు, బండి, ప్లాంటు, ఆ తర్వాత పొలం, ఈ వరసలో చదవండి. ప్రతి అంచె దగ్గరా మీ వార్డు అంకెలు చేతిలో ఉండాలి. అవి లేకుండా చదివితే పాఠం చదివినట్టే ఉంటుంది, పని మాత్రం రాదు.

కోర్సుల విషయానికొస్తే, పునాదికి కోర్సెరాలో స్విట్జర్లాండ్ పరిశోధన సంస్థ ఇయావాగ్ వాళ్ల మల వ్యర్థాల నిర్వహణ పరిచయ కోర్సు మంచిది. పారిశుద్ధ్య వ్యవస్థల ప్రణాళిక మీద వాళ్లదే ఇంకోటి ఉంది, అది రెండోది. నెదర్లాండ్స్‌లోని ఐహెచ్ఈ డెల్ఫ్ట్ పాఠాలు కొంచెం బరువు, మూడో దశకు ఉంచుకోండి. వీటితో ఒక ఇబ్బంది ఉంది. ఉదాహరణలు చాలావరకు ఆఫ్రికాలోని కంపాలా, డకార్ లాంటి ఊళ్లవి. కంపాలాలో ఎన్నో ఇళ్లకు నీళ్లు పోయని గుంత మరుగుదొడ్లు. మనం చెంబుతోనో ఫ్లష్‌తోనో నీళ్లు పోస్తాం, కడుక్కునేదీ నీళ్లతోనే. అందుకే మన బండిలోకి వచ్చే సరుకు పలచన, మోయాల్సింది ఎక్కువ. అక్కడి చిక్కదనం అంకెలు తెచ్చి ఇక్కడి లెక్కలో వేస్తే ప్లాంటు కొలతలన్నీ తారుమారవుతాయి. మన చట్టాలు, మున్సిపాలిటీ పద్ధతుల కోసం ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అర్బన్ అఫైర్స్ తయారుచేసిన శిక్షణ పుస్తకాలు చూడండి. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కూడా ఆన్‌లైన్ శిక్షణలు పెడుతుంది. జాతీయ విధానం 2017 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రం కూడా పట్టణ స్థానిక సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ రెండూ ఒక్క ఆదివారం కూర్చుంటే అయిపోతాయి.

అసలు చదువు ట్యాంకుతో మొదలవుతుంది. దానికి ఆధారం భారతీయ ప్రమాణం ఐఎస్ 2470, రెండు భాగాలు. మొదటిది ట్యాంకు, రెండోది ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటి సంగతి. ఐదుగురు వాడే ఇంటికి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75 మీటరు, నీటి లోతు ఒక మీటరు, అంటే సుమారు 1,125 లీటర్లు చాలంటుంది. పైన 300 మిల్లీమీటర్ల ఖాళీ. లోపలికొచ్చే పైపు కంటే బయటికెళ్లే పైపు 50 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. రెండింటికీ టీ (ఇంగ్లిష్ T ఆకారపు పైపు ముక్క) బిగించాలి. బయటికెళ్లేవైపు టీ లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా కాలవలోకి పోతుంది. మన మేస్త్రీలు ఎక్కువగా వదిలేసేది ఈ టీనే, ఖర్చు చూస్తే వందల్లో ఉంటుంది. తర్వాత ఇంకుడు గుంత. తాగునీటి బావికీ బోరుకీ అది కనీసం 18 మీటర్ల దూరంలో, ఇంటికి 6 మీటర్ల దూరంలో ఉండాలని రెండో భాగం చెబుతుంది. మన వీధుల్లో 100 గజాల స్థలంలో ఇది కుదరదని మీకూ తెలుసు. కుదరని చోట ఏం చేస్తున్నారో రాసుకోవడమే మీ మొదటి సర్వే.

ముప్పై ఇళ్లు ఎంచుకోండి. పాత వీధి, కొత్త లేఅవుటు, పల్లపు కాలనీ, మూడూ కలిసేలా. ప్రతి ఇంట్లో అడగాల్సినవి: ట్యాంకా, సిమెంటు వరలు దించిన గుంతా? అడుగు కాంక్రీటా, మట్టా? నీరు పోయేది ఇంకుడు గుంతలోకా, కాలవలోకా? మూత ఎక్కడుంది, దాని మీద మెట్లో టైల్సో వచ్చేశాయా? చివరిసారి ఎప్పుడు తోడించారు? జనం రెండింటినీ సెప్టిక్ ట్యాంకు అనే అంటారు కానీ వరల గుంతకీ ట్యాంకుకీ చాలా తేడా. వరల గుంతలో నీరు ఇంకిపోయి అడుగున మడ్డి గట్టిపడుతుంది, బండి పైపుకి ఎక్కదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి వైపు ఇసక నేలల్లో నీటిమట్టం పైకే ఉంటుంది. అక్కడ గుంత నీరూ బావి నీరూ కలవడానికి పెద్ద దూరం ఉండదు.

ఇప్పుడు ట్యాంకు కొలవడం. ఈ పని చేతికొస్తే సగం కోర్సు వచ్చినట్టే. రెండు మీటర్ల వెదురు కర్ర తీసుకోండి. కింది మీటరున్నర మేర పాత తెల్ల తువ్వాలు ముక్కలు గట్టిగా చుట్టి దారంతో కట్టండి. బయటికెళ్లే పైపువైపు మూత తెరిచి, గాలి తగలనిచ్చి, ముఖం మూత మీదికి వంచకుండా పక్కన నిలబడి, కర్రను నిదానంగా అడుగు తగిలేదాకా దించండి. రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకుని, అంతే నిదానంగా పైకి తీయండి. కింది భాగంలో గుడ్డకు నల్లటి మడ్డి రేణువులు అంటుకుని ఉంటాయి. ఒకచోట అవి ఆగిపోయి, ఆపైన నీటి తడి లేత గోధుమరంగులో కనిపిస్తుంది. ఆ గీత దాకా టేపు పెట్టండి. అది మడ్డి మందం. తెట్టు మందానికి కర్ర చివర అడ్డంగా చిన్న పలక కట్టి, తెట్టు కిందకు దించి మెల్లగా పైకి లాగితే తగులుతుంది. చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి. పనయ్యాక కర్రని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. మీథేను గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే అంటుకుంటుంది.

మడ్డీ తెట్టూ కలిసి నీటి లోతులో మూడో వంతుకు చేరితే తోడించాలి. ఆ కొలతే వార్డు లెక్కకూ పనికొస్తుంది. ఒక ఉదాహరణ. ట్యాంకు 2 మీటర్లు పొడవు, 0.9 మీటరు వెడల్పు. మడ్డి 36 సెంటీమీటర్లు. అంటే సుమారు 650 లీటర్లు. ఇంట్లో ఐదుగురు, తోడించి మూడేళ్లు. 650ని 15తో భాగిస్తే మనిషికి ఏడాదికి 43 లీటర్లు. ఇలా ముప్పై ఇళ్లవి తీస్తే మీ వార్డు అంకె వస్తుంది. కోర్సులో ఏ అంకె ఉన్నా మీ లెక్కలో దీన్నే వేయండి.

ఇక్కడొక విషయం జాగ్రత్తగా పట్టుకోవాలి. మన దగ్గర మళ్లీ తోడించక్కర్లేదన్న ఆశతో 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు ట్యాంకు కట్టేస్తారు. అది 8,000 లీటర్ల పైమాటే. పై లెక్క ప్రకారం అందులో మడ్డి మూడో వంతుకు రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. రెండు మూడేళ్లకోసారి తోడించాలన్న నియమం చిన్న ట్యాంకును దృష్టిలో పెట్టుకుని పెట్టింది. పెద్ద ట్యాంకును మూడేళ్లకే తోడిస్తే బండి మోసుకెళ్లేది చాలావరకు నీళ్లే. పదిహేనేళ్లు వదిలేస్తే మడ్డి బంకమట్టిలా బిగుసుకుంటుంది. కాబట్టి వార్డులో అన్ని ఇళ్లకూ ఒకే గడువు పెట్టకుండా, ట్యాంకు పరిమాణాన్ని బట్టి మూడు తరగతులు చేయండి. నీరు కాలవలోకి వదిలే ఇళ్లను ముందు వరసలో పెట్టండి. అక్కడ ఆలస్యం చేస్తే మడ్డి కాలవలోనే తేలుతుంది.

ఏ కోర్సు చదివినా చదవకపోయినా ఇదొక్కటి మరవకండి: ట్యాంకులోకి మనిషి దిగకూడదు. పడిపోయిన చెప్పు కోసమైనా, అడుగున మిగిలిన మడ్డి కోసమైనా, లోపల పడినవాణ్ని తీయడానికైనా దిగకూడదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు పది లక్షల్లో వంద వంతులకు చేరితే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు అందుకే పోతాడు. వెయ్యి వంతుల దగ్గర ఒకటి రెండు శ్వాసలే. ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురు నలుగురు చనిపోవడం ఇలాగే జరుగుతుంది. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపితే, దింపింది కాంట్రాక్టరైనా ఇంటి యజమానైనా, మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు పనుల్లో మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. మీ వార్డులో ప్రతి ఇంటి గేటు మీదా 14420 నంబరు అంటించండి. ట్యాంకు తోడించడానికి సహాయం కోరే నంబరు అది.

తర్వాత బండి. మన ఊళ్లలో తిరిగేవి ఎక్కువగా ట్రాక్టరు వెనక తగిలించే 3,000 నుంచి 4,000 లీటర్ల ట్యాంకులు, నాలుగంగుళాల పైపు. వ్యాక్యూమ్ పంపు ఎంత గొప్పదైనా నీటిని సిద్ధాంతంలో పది మీటర్ల ఎత్తుకే లాగగలదు. ఆచరణలో ఆరేడు మీటర్లనుకోండి, మడ్డి చిక్కగా ఉంటే అదీ తగ్గుతుంది. ట్రాక్టరు దూరని సందుల్లో పైపు ముప్పై మీటర్లు వేయాలి. మధ్యలో ఎక్కడ గాలి లీకైనా లాగడం పడిపోతుంది. తరచూ జరిగే మోసం ఒకటి చెప్తాను. పెద్ద ట్యాంకు, చిన్న బండి, ఒక్క ట్రిప్పుకే డబ్బు. బండివాడు పైనున్న నీళ్లు తోడుకుని వెళ్తాడు, మడ్డి అక్కడే ఉంటుంది. ఇంటివాళ్లకు మూత తీసి చూస్తే ఖాళీగానే కనబడుతుంది. రెండు నెలలకు మళ్లీ పైపు ఎదురు తంతుంది. దీనికి మందు, సగం తోడాక బండిలోని నీరు కొంత వెనక్కి వదిలి అడుగు మడ్డిని కదిలించి మళ్లీ లాగడం. అదే తువ్వాలు కర్ర పని అయ్యాక మళ్లీ దించి చూడండి. గుడ్డ మీద నల్ల గీత ఇంకా అరడుగు ఉంటే పని కానట్టే. శానిటరీ ప్యాడ్లు, గుడ్డముక్కలు, షాంపూ కవర్లు పైపు నోట్లో ఇరుక్కోవడం రోజూ ఉండేదే. ఇంటివాళ్లకు ఇది నోటితో చెబితే చాలదు, తీసిన చెత్త బకెట్లో చూపించండి.

వానాకాలంలో తోడించమని ఫోన్లు ఎక్కువవుతాయి. నేల నీరు పైకొచ్చి గుంతలు నిండుతాయి, అది మలం కాదు. అప్పుడు తోడితే మర్నాటికి మళ్లీ నిండుతుంది. ప్లాస్టిక్ ట్యాంకు అయితే ఇంకో ప్రమాదం, ఖాళీ చేసిన వెంటనే నీటి తేలింపుకు నేలలోంచి పైకి లేచి పైపులు విరుగుతాయి. తోడించక తప్పకపోతే వెంటనే మంచినీళ్లతో నింపాలి. తోడించే పని ఫిబ్రవరి నుంచి మే దాకా పెట్టుకోవడం మేలు.

నిండిన బండి ఎక్కడికి పోతుంది? రాత్రిపూట గెడ్డలోకో, బైపాసు పక్క గుంతలోకో, తోటలోకో. ఒక 4,000 లీటర్ల బండిలో, లీటరుకు 10 గ్రాముల రసాయన ఆక్సిజన్ అవసరం (సీఓడీ, అంటే మలినం ఎంతుందో చెప్పే కొలత) ఉన్న సరుకుంటే మొత్తం 40 కిలోలు. మామూలు మురుగులో లీటరుకు అర గ్రాము. అంటే ఒక్క బండి గెడ్డలో పోస్తే 80,000 లీటర్ల మురుగు పోసినట్టే. ఆ గెడ్డలు చివరికి చేరేది నాగావళికో చంపావతికో. శ్రీకాకుళం నాగావళి నీళ్లు తాగే ఊరు. మురుగు శుద్ధి కేంద్రంలో మల వ్యర్థాలు కలుపుకోవచ్చా అని అడిగేవాళ్లకూ ఈ ఇరవై రెట్ల లెక్కే సమాధానం. కొద్దికొద్దిగా, రోజంతా సమానంగా, ఆ కేంద్రం భరించే మేరకే కలపాలి. ఒకేసారి నాలుగు బండ్లు వదిలితే అక్కడి సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

ఇక మీరు ఆగిపోయిన ప్లాంటు లెక్క. 20,000 ట్యాంకులున్న ఊరు అనుకోండి. ఒక్కోదాంట్లోంచి సగటున 3,000 లీటర్లు తీస్తాం. మూడేళ్లకోసారి తప్పనిసరిగా తోడించే పద్ధతి పెడితే, ఏడాదికి 300 పని దినాలతో, రోజుకు సుమారు 67,000 లీటర్లు. జనం తమకు తోచినప్పుడు, సగటున పదేళ్లకోసారి పిలిస్తే రోజుకు 20,000 లీటర్లే. ఈ రెంటి మధ్య తేడా అర్థమైతే, కట్టిన ప్లాంటు ఎందుకు ఎండిపోతుందో అర్థమైనట్టే. మొదటి అంకెతో కట్టి, రెండో అంకెతో నడిపితే మడ్డి ఎండబెట్టే బెడ్లు ఖాళీ, కరెంటు బిల్లు మాత్రం నిండు. ముందు తోడించే పద్ధతి, రుసుము, బండ్ల లైసెన్సు, ఆ తర్వాతే ప్లాంటు సామర్థ్యం.

20,000 లీటర్లకు ఎండబెట్టే బెడ్డు ఎంత కావాలి? లీటరుకు 20 గ్రాముల ఘన పదార్థం అనుకుంటే రోజుకు 400 కిలోలు, 300 రోజులకు 1,20,000 కిలోలు. మన వేడికి చదరపు మీటరుకు ఏడాదికి 100 నుంచి 200 కిలోలు వేయొచ్చు. మధ్యస్థంగా 150 తీసుకుంటే 800 చదరపు మీటర్లు. లీటరుకు 40 గ్రాములైతే స్థలం రెట్టింపు. ఒక్క అంకె తప్పుపోతే స్థలం లెక్కంతా మారిపోతుంది. అందుకే చిక్కదనం కొలవకుండా ఎవరిచ్చిన డిజైనూ ఒప్పుకోకండి.

బెడ్డు కట్టడం చూడ్డానికి తేలిక. అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన కడిగిన ఇసక. మడ్డిని 20 నుంచి 30 సెంటీమీటర్ల మందాన వదలాలి. పొదుపని 50 వేస్తే పైన తోలు కట్టి కింద పచ్చిగా ఉండిపోతుంది. ఎండాకాలంలో పది పదిహేను రోజులకు రేగడి చేనులా నెర్రెలిస్తుంది. ముక్క అంచు పట్టి లేపితే ఇసక నుంచి ఊడొచ్చిందంటే తీయడానికి సిద్ధం, కింద జిగటగా సాగితే ఇంకా ఆగాలి. పారతో గీకినప్పుడల్లా కొంత ఇసక పోతుంది, దాన్ని మళ్లీ నింపాలి. మన్నుతో ఉన్న నది ఇసక వేస్తే ఆరునెలల్లో మూసుకుపోతుంది. బండి పైపు పడేచోట రాతిపలక లేకపోతే ఇసకలో గుంత పడి మడ్డి నేరుగా కంకరలోకి దిగుతుంది. పబ్లిక్ టాయిలెట్ల నుంచి వచ్చే తాజా మలం విడిగా ఎండదు, నీరు వదలదు. ఇళ్ల ట్యాంకుల పాత మడ్డితో కలిపి వేయాలి. కింద కారే నీరు కూడా మురుగే. 2017 అక్టోబరు కేంద్ర ప్రమాణాల ప్రకారం మన స్థాయి ఊళ్లలో అది లీటరుకు 30 మిల్లీగ్రాముల బీఓడీకి (మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్ కొలత) దిగాకే బయటికి వదలాలి.

మన జిల్లాల్లో బెడ్డుకి పైకప్పు తప్పదు. కోర్సులో చూపించే ఆరుబయటి బెడ్డు జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ చెరువే. పారదర్శక రేకులు వేస్తే ఎండ తగులుతుంది, వాన ఆగుతుంది. కాకపోతే 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు ఏం చేసిందో గుర్తుంచుకుని, రేకుల బిగింపు గాలికి తగ్గట్టు చేయించండి.

ఎండిన మడ్డి ఎరువులా కనబడుతుంది, ఇంకా కాదు. ఏలికపాము గుడ్లు ఎండిన మడ్డిలో నెలల తరబడి బతుకుతాయి. మనలాంటి వేడి ప్రాంతంలో కొత్త సరుకు కలపకుండా ఏడాది పైన నిల్వ ఉంచాలి. లేదా చెత్తతో కలిపి కంపోస్టు చేస్తూ, కుప్ప లోపల 55 డిగ్రీలు కొన్ని రోజులు నిలిచేలా తిరగేయాలి. కుప్ప అంచుల్లో వేడి ఉండదు కాబట్టి తిరగేయకపోతే సగం పచ్చిదే. జీడి, కొబ్బరి చెట్ల మొదట్లో గాడి తీసి వేసి మట్టి కప్పడం మంచిది, తోటకూర మడుల్లో వద్దు. బండి పచ్చి సరుకు అడిగే రైతులుంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఎరువు ఖర్చు వాళ్లకు తెలుసు. ఏడాది నిల్వ చేసిన సరుకు చవగ్గా ఇస్తే అటే వస్తారు.

చదివే ప్రణాళిక ఇలా పెట్టుకోండి. మొదటి మూడు వారాలు ఐఎస్ 2470, ముప్పై ఇళ్ల సర్వే, కోర్సు మొదటి భాగం. తర్వాత రెండు వారాలు బండ్ల వెంట తిరగడం, ట్రిప్పు సమయం రాసుకోవడం: పైపు వేయడానికి ఎంత, తోడడానికి ఎంత, ప్రయాణం ఎంత. ఆ తర్వాతే ప్లాంటు పాఠాలు. చివర, మీ వార్డులో మలం ఎంత భాగం సురక్షితంగా చేరుతోంది, ఎంత కాలవలో కలుస్తోందీ చూపే బాణాల బొమ్మ ఒకటి గీయండి. దాన్ని మలప్రవాహ చిత్రం అంటారు. సుసానా (సస్టెయినబుల్ శానిటేషన్ అలయన్స్) ఆన్‌లైన్ వేదికలో మన దేశపు ఊళ్లవి చాలా ఉన్నాయి, నమూనాకు చూడండి.

వీటన్నింటికంటే ముందు ఈ వారమే చేయగలిగినది ఒకటుంది. ఒక బండి ఖాళీ అవుతున్నప్పుడు మొదట్లో ఒక లీటరు, మధ్యలో రెండు, చివర ఒకటి పట్టి, నాలుగూ ఒక బకెట్లో కలిపి, అందులోంచి ఒక లీటరు సీసాలో పోసి ఐసుపెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు పంపండి. మొత్తం ఘన పదార్థం అడగండి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచే పరీక్ష అది. పది బండ్లవి వచ్చాక ఆ అంకెను 800 చదరపు మీటర్ల లెక్కలో 20 గ్రాముల చోట పెట్టి మళ్లీ చేయండి. వచ్చిన జవాబు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.